మానేసినవాళ్లని పిలిచే షట్టరు

చీకటి పడ్డాక ఆ సందులోకి ఎవరూ వెళ్లరు. అక్కడున్న మందు షాపు మూతపడి మూడేళ్లయింది. ఓనరు లోపలే ఉరేసుకున్నాడంటారు. అప్పట్నుంచీ రాత్రయితే ఆ షట్టరు మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుందట... అదీ తాగుడు మానేసినవాళ్లనే!

బైండరు ఈ మాటకి నవ్వేవాడు. "నాకు పట్టపగలే వచ్చేవి పిలుపులు. దెయ్యందాకా ఎందుకూ?"

ప్రెస్సులో పుస్తకాల అంచులు కోసే మిషను మీద పని అతనిది. ఆసుపత్రిలో చేరి మందు మానేసి నలభై ఒక్క రోజు. "ఈసారి వాసనొచ్చిందో, తలుపు తియ్యను" అని భార్య ఒక్కసారే చెప్పింది. ఆవిడ రెండోసారి చెప్పే మనిషి కాదు.

ఆ రోజు చెయ్యి వణికి, మూడొందల పుస్తకాలు అరంగుళం లోపలికి కోసేశాడు. వరస చివరి అక్షరాలన్నీ తెగిపోయాయి.

"తాగినప్పుడే నీ చెయ్యి తిన్నగా ఉండేది కదరా! పోయి ఓ గుక్కేసి రా" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు.

ఎనిమిదింటికి ఇంటికి బయల్దేరిన కాళ్లు పెద్ద రోడ్డు వదిలి సందులోకి తిరిగాయి. తనే తిప్పాడో, అవే తిరిగాయో... నోరు పిడచకట్టుకుపోయింది.

"ఒరేయ్... బైండరూ..."

చుట్టూ చూశాడు. నరపురుగు లేదు.

"నలుగురిలో పరువు తీశారు కదూ... చేతులు వణుకుతున్నాయి కదూ..."

ప్రెస్సు గోడ దాటని మాట — దీనికెలా తెలిసింది?

షట్టరు కింద జానెడు ఖాళీ. అందులోంచి మెల్లగా ఒక చెయ్యి... చేతిలో గ్లాసు.

వాసన గుప్పుమంది. కాళ్లు వెనక్కీ రావు, ముందుకీ పోవు.

"ఇరవై నిమిషాలు ఓర్చుకుంటే ఆ కోరిక దానంతటదే దిగుతుంది. ఓర్చుకోలేకపోతే అన్నకి ఫోన్ చెయ్" అని ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చెప్పింది డాక్టరమ్మ. అన్నంటే ఆసుపత్రి మీటింగుల్లో అందరికీ పెద్దదిక్కు. రెండేళ్లుగా చుక్క ముట్టనివాడు. నలుగురిలో మాట పడితే చాలు, చేతులు వణికి తాగాలనిపిస్తుందని బైండరు కడుపు చించుకుని చెప్పుకున్నది ఆయనకే.

అన్న నంబరు నొక్కాడు.

ఫోను మోగింది...

షట్టరు లోపల.

గ్లాసు పట్టుకున్న చెయ్యి కదల్లేదు. కాసేపటికి మోత ఆగింది.

"నేను తాగట్లేదురా, అమ్ముతున్నానంతే" అన్నాడు అన్న, నీరసంగా. "మన మీటింగువాళ్లలో ఇంకా రానిది నువ్వొక్కడివే... పట్టుకో తమ్ముడూ."

బైండరుకి భయం దిగిపోయింది.

దెయ్యమే అయ్యుంటే ఒక్క పరుగున ఇల్లు చేరేవాడు. తెలిసిన మనిషి కదా — చెయ్యి చాపాడు.