సాగర్‌లో మాయమైన కొర్రమీనులు

నూకరత్నం మణికట్టు మీద కొట్టుకుంటున్న నాడి ఉన్నట్టుండి ఆగిపోయింది.

పొద్దుటి గస్తీలో ఉన్న ఆమె పడవ ఇంజన్ ఆపి, చేతికున్న నాడిపట్టీని వేలితో తట్టింది. ప్రయోజనం లేకపోయింది. పట్టీ మీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ‘భైరవుడు. మృతి.’

సాగర్ వెనుక జలాల్లో అన్నిటికన్నా పెద్ద కొర్రమీను పేరు భైరవుడు. చేపల పోటీ ఫైనల్స్ మొదలైన దగ్గర్నుంచి పెద్ద చేపలు ఒక్కొక్కటే ఇలా చచ్చిపోతున్నాయి. విచిత్రం ఏమిటంటే, ఒక్కదాని శవమూ తేలలేదు. నీళ్ల పరీక్షలో విషం జాడ లేదు. గట్టు మీద కూర్చున్న వేలమంది మణికట్ల మీద కూడా అదే క్షణంలో భైరవుడి నాడి ఆగిపోయి ఉంటుంది. వాళ్ల గగ్గోలు నీటి మీదుగా ఆమెదాకా వచ్చింది.

నాడిపట్టీ వచ్చి ఒక తరం కావస్తోంది. ప్రాణి ఒంట్లోకి బియ్యపుగింజంత నాడిగింజను ఎక్కిస్తే చాలు, నాడి అందుకునే స్తంభాల మీదుగా దాని గుండె చప్పుడు ఎంత దూరాన ఉన్న మణికట్టుకైనా అందుతుంది. ఆఫీసులో తల్లి బడిలో ఉన్న పిల్ల నాడి చూసుకుంటూ పని చేసుకుంటోంది. గేదె ఎప్పుడు ఈనబోతోందో రైతు పొలంలోంచే కనిపెడుతున్నాడు. నాడి చూపించనని మొండికేసిన పెళ్లికొడుకులకు సంబంధాలు తప్పిపోతున్నాయి. ఇక చేపల పోటీలైతే పట్టీతోనే పుట్టాయనాలి. విదేశాల్లో బాస్ చేపల కోసం తయారైన గింజనే ఇక్కడ కొర్రమీనుకు ఎక్కించారు. చేప నాడిని చదివి పట్టీ ఒక ‘ఆకలి అంకె’ చెబుతుంది. అంకె ఎక్కువున్న చేప ముందు ఎర ఆడించి, పట్టి, తూచి, మళ్లీ నీళ్లలో వదిలేయాలి. చేప చావకూడదు.

ఇప్పుడు ప్రాణాల మీదికి తెచ్చింది ఆ నిబంధనే. జలాశయంలో ఎడమ గట్టు నీళ్లు సాగర్ లీగ్‌వి, కుడిగట్టువి నల్లమల లీగ్‌వి. మధ్యలో నీటి మీద తేలే పసుపు బుడ్ల గీత. రెండు లీగుల కొట్లాటతో విసిగిపోయిన జలమండలి ఈ ఏడాది ఒక తీర్పు చెప్పింది. ఫైనల్స్‌లో ఎవరి నీళ్లలో తక్కువ చేపలు చస్తే జలాశయం మొత్తం వాళ్లదే. నిర్ణయం ఈ సాయంత్రమే. నల్లమల లీగ్ గెలిస్తే తన పడవలూ తన మనుషులతో దిగుతుంది. అప్పుడు విశాఖ కాలనీలో ఒక్క ఇంటికీ నీళ్ల మీద పని ఉండదు. తాతల కాలంలో సముద్రాన్ని వదిలి ఇక్కడికి వచ్చి గుడిసెలు వేసుకున్న జాలర్ల కాలనీ అది. నూకరత్నం అక్కడే పుట్టింది. సాగర్ లీగ్‌లో నీటి రెఫరీగా పనిచేస్తోంది.

సాగర్ లీగ్ చైర్మన్ ఫణీంద్ర ఫోన్ చేశాడు. ఘాట్ రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్లన్నీ ఆపి వెతికించాడట. ఒక్క చేపా దొరకలేదట. ఇది నల్లమల రెఫరీ మద్దిలేటి పనేనని, సాయంత్రంలోగా ఆధారం తేవాలని అన్నాడు. ఆ గొంతులో తొందర ఆమెకు నచ్చలేదు. ఏ లీగ్ గెలిస్తే అందులో కుర్చీ ముందే మాట్లాడుకున్నాడని కాలనీలో గుసగుసలున్నాయి. ఆ మాటకొస్తే గుసగుసలు ఆమె ఇంటినీ వదల్లేదు. మూడుసార్లు చాంపియన్ అయిన ఆమె అన్న ఎల్లాజీ ఈ ఏడు ఒక్క పెద్ద చేపనూ పట్టలేదు. గేలం వేస్తాడు, అది పక్కకు పోయి పడుతుంది. నల్లమలవాళ్లకు అమ్ముడుపోయాడని కొళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె వినేలాగే అనుకుంటున్నారు. కాదని గట్టిగా అనడానికి ఆమెకే నోరు రావడం లేదు.

ఆమె పడవను తిప్పి పసుపు గీత దాటించింది.

మద్దిలేటి తన పడవలో కూర్చుని ఉడకబెట్టిన శనక్కాయలు ఒలుస్తున్నాడు. కర్నూలు వైపు మనిషి. పదేళ్లుగా గీతకు అటూ ఇటూ నిలబడి ఇద్దరూ ఒకళ్లనొకళ్లు అనుమానించుకుంటూనే ఉన్నారు.

“ఏంది నూకమ్మా, గీత దాటితివి. జరిమానా రాయమంటావా?”

“రాసుకో. మా చేపల్ని ఏటి చేసావో అదీ రాయి.”

అతను నవ్వలేదు. చేతిలోని పొట్టు నీళ్లలోకి విసిరేసి, ఆమె పడవ అంచు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. గొంతు తగ్గించాడు.

“మీరే చేసినారనుకుంటి నేను. చేసింటే ఇట్ల ఎదురొచ్చి అడిగేదానివి కాదు. మావి గూడా సచ్చినాయి తల్లీ.”

ఆమె నమ్మలేదు. అతను తన పట్టీ విప్పి చూపించాడు. దాని మీదా అవే ఎర్రటి అక్షరాలు. కుడిగట్టు జనం మణికట్ల మీద కొట్టుకుంటున్నవి పాత నాడులు. రికార్డు చేసినవే మళ్లీ మళ్లీ తిప్పుతున్నారు. పైవాళ్ల ఆజ్ఞ. మాట బయటికి పొక్కితే ముందు పోయేది తన ఉద్యోగమేనని, ఇంట్లో చెప్పుకోలేక, కక్కలేక మింగలేక తిరుగుతున్నానని అన్నాడు. చచ్చినవి ఏ చేపలని ఆమె అడిగింది.

“అన్నీ పిల్లల మీదుండేవే.”

ఆ మాట నూకరత్నానికి ఎక్కడో తగిలింది. వానాకాలంలో కొర్రమీను గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, కుంకుమ చల్లినట్టు గుంపుగా నీటి మీదికి తేలుతాయి. కింద తండ్రి కాపలా ఉంటుంది. దగ్గరికి ఏది వచ్చినా, కప్పైనా ఎరైనా, మీద పడి కరుస్తుంది. వెనకటికి కాలనీలో ఆ ఎరుపు కనిపిస్తే కర్ర నిలువుగా పైకెత్తి పడవ తిప్పేసేవారు. ఎవరూ నేర్పకుండానే వచ్చిన అలవాటది. పట్టీ వచ్చాక పోయింది. ఎందుకంటే అలాంటి చేపకే పట్టీ అన్నిటికన్నా పెద్ద ఆకలి అంకె చూపించేది.

ఆమె భైరవుడు ఉండే మడుగుకు వెళ్లింది. తుంగ పక్కన నీళ్లు ఖాళీగా ఉన్నాయి. పిల్లలు లేవు. తండ్రి చస్తే పిల్లలు చెదిరి, గంటల తరబడి ఇతర చేపల నోళ్లలో పడుతుండాలి. ఆ అలికిడీ లేదు. అంటే చేపతోపాటు పిల్లల్నీ ఎవరో ఎత్తుకెళ్లారు. పోటీ చెడగొట్టడానికి వచ్చినవాడు పిల్లల జోలికెందుకు పోతాడు?

అప్పుడు ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది. వాళ్లమ్మ తడి గోనెసంచిలో కొర్రమీనులు చుట్టుకుని పొద్దున సంతకెళ్తే, సాయంత్రం మిగిలినవి బుట్టలో ఎగురుతూ ఇంటికొచ్చేవి. కొర్రమీను గాలి పీలుస్తుంది. తడి ఆరకపోతే నీళ్లు లేకపోయినా బతుకుతుంది. నీళ్లలోనే ఊపిరాడే బాస్ చేప కోసం తయారైన గింజకు ఆ సంగతేం తెలుసు? తూచడానికి పట్టేంతకన్నా ఎక్కువసేపు నీళ్ల బయట ఉంటే చచ్చినట్టే రాసేస్తుంది. ఫణీంద్ర మనుషులు నీళ్ల ట్యాంకర్లు వెతికారు. గోనెసంచి విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. కొర్రమీనుతో పెరిగిన తను కూడా ఎర్రటి అక్షరాల్నే నమ్మింది.

చేపను తీసింది పొద్దునే. తన పడవలోని గస్తీ తెర మీద ఇంజన్ పడవ ఏదీ కనిపించలేదు. కాబట్టి వచ్చినవాడు తెప్ప మీద వచ్చాడు. తెప్ప వెళ్లగలిగినంత దూరంలో, నాడి అందుకునే స్తంభాలు లేని నిలవనీళ్లు ఒక్కచోటే ఉన్నాయి. కుడిగట్టు మీద వదిలేసిన నాపరాళ్ల క్వారీ.

ఆమె అక్కడికి చేరేసరికి ఎండ వాలుతోంది. గుంత అంచున పలకరాళ్ల మీద గోనెసంచులు ఆరేసి ఉన్నాయి. నీటి మీద అక్కడక్కడా ఎరుపు ఉడుకుతున్నట్టు కదులుతోంది. ఆమె చెయ్యి నీళ్లలో ముంచింది. స్తంభం లేకపోయినా దగ్గరి నాడిని పట్టీ నేరుగా అందుకుంటుంది. భైరవుడి గుండె మళ్లీ మణికట్టు మీద కొట్టుకుంది. ‘సజీవం’ అని పట్టీ తన రాతను దిద్దుకుంది.

అవతలి అంచున బిందె వంచి పిల్లల్ని నీళ్లలోకి జారవిడుస్తున్న మనిషి తలెత్తాడు. ఎల్లాజీ.

“నల్లమలోళ్లకి అమ్ముడుపోయావనుకున్నానన్నయ్యా,” అంది ఆమె.

“అలాగే అనుకో. అదే మేలు.”

తర్వాత అతనే చెప్పాడు. పోయిన ఏడు కూతురు పైడికి విషజ్వరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో పిల్ల నాడిని అతని మణికట్టుకు కలిపారు. అతనికీ గింజ ఎక్కించి, అతని నాడినీ తెర మీద పెట్టారు. వరండాలో కూర్చున్నన్నాళ్లూ రెండింటినీ చూస్తూనే ఉన్నాడు. పిల్ల కోలుకున్నాక పోటీకి వచ్చి, పిల్లల మీదున్న చేప ముందు గేలం ఎత్తేసరికి మనసొప్పక పక్కకు విసిరేశాడు.

“ఆకలి కాదే అది. వరండాలో నా నాడి అచ్చం అలాగే కొట్టుకుంది. చేప నాడినీ నా నాడినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఈ మిషనుకి భయానికీ ఆకలికీ తేడా తెలీదు. ఎర కరిస్తే చాలు, ఆకలని రాసుకుంటాది.”

ఫణీంద్రకు చెప్పి చూశాడట. పిల్లల కాలంలో పోటీలు ఆపమన్నాడట. మనం ఆపితే జనమంతా అవతలి గట్టుకు పోతారని ఫణీంద్ర నవ్వేశాడట. అవతలి గట్టు మీదా అదే జవాబు. అందుకే చేపల్ని తీశాడు. ఎవరికీ నష్టం రాకూడదని రెండు గట్ల నుంచీ సమానంగా తీశాడు.

“ఆళ్లు చావులు దాచేశారన్నయ్యా. పాత నాడులు తిప్పుతున్నారు. జనానికి మనయ్యే చచ్చినట్టున్నాయి.”

ఎల్లాజీ బిందె కింద పెట్టేశాడు. గింజ ఉన్న ప్రాణిని దొంగిలిస్తే శిక్ష ఏమిటో ఇద్దరికీ తెలుసు. జీవితాంతం జలాశయంలో కాలు పెట్టనివ్వరు.

“నా పేరు సెప్పకు నూకా,” అన్నాడు చివరికి. “నీళ్ల మీదికి రానివ్వకపోతే నేనేటైపోతాను?”

ఆమె పడవెక్కింది.

సాయంత్రం గట్టు మీద జలమండలి అధికారిణి కౌసల్యగారు బల్ల దగ్గర కూర్చున్నారు. రెండు లీగుల జనం రెండు పక్కలా కిక్కిరిసి ఉన్నారు. నూకరత్నం నడిచి వస్తుంటే ఫణీంద్ర ఎదురొచ్చి చెవిలో చెప్పాడు. మద్దిలేటి అని ఒక్క మాట అంటే చాలట. మీ కాలనీ నిలబడుతుంది, మీ ఇల్లూ నిలబడుతుంది అన్నాడు. ఇల్లు అన్న మాటను కాస్త నొక్కి అన్నాడు. అతనికి ఎంత తెలుసో ఆమెకు అంతుపట్టలేదు. అవతలి వరసలో మద్దిలేటి తల దించుకుని నిలబడ్డాడు. అతని మీదికి తోసేయడం ఎంత తేలికో ఆమెకు తెలుసు. పాత నాడుల సంగతి చెబితే అతను కాదనలేడు కూడా.

ఆమె తన పట్టీని విప్పి బల్ల మీద పెట్టింది. భైరవుడి నాడి అందులో నమోదై ఉంది.

“చేపలు చావలేదండీ. ఏ గట్టువీ చావలేదు. ఇది ఇందాక నేను పట్టుకున్న నాడి. పిల్లలు తండ్రిని విడిచి ఈదుకుపోయేదాకా ఆ చోటు మాత్రం చెప్పను. ఉద్యోగం తీసేసినా చెప్పను.”

జనం ఒక్కసారిగా కదిలారు. కౌసల్యగారు పట్టీని తన మణికట్టుకు పెట్టుకుని చాలాసేపు విన్నారు. చావులు లేవంటే సాగర్ లీగ్ నీళ్లు పోవని, చోటు సంగతి తర్వాత చూద్దామని అన్నారు. కానీ చేపల్ని తీసిన మనిషి పేరు లేకుండా ఈ రుజువును రాసుకోవడానికి వీల్లేదన్నారు. పేరు లేకపోతే తెర మీద ఉన్న చావులే లెక్క.

ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు. జనం వెనక, కూతురిని భుజం మీద ఎక్కించుకుని ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. అతను చెల్లెలి వైపే చూస్తున్నాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు.

“ఎవరు తీశారమ్మా?” అని అడిగారు కౌసల్యగారు.

“మైలపల్లి ఎల్లాజీ,” అంది నూకరత్నం. “మా అన్నయ్య.”