అవతలి పక్క బరువు

అరబ్బు దేశంలో సమాయిల్ అనే ఊరి నుంచి లోయ పట్టుకుని పైకి పన్నెండు మైళ్ళు పోతే, వాగు వంపు తిరిగే చోట ఒక మట్టి ఇల్లు ఉండేది. దానికి కప్పు లేదు. తలుపు మాత్రం ఉంది. లోపల గడియ పెట్టినట్టు ఎప్పుడూ బిగుసుకుని ఉండేది. కప్పు కూలిపోయిన ఇంట్లో లోపలి గడియ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

అక్కడ రాత్రిపూట ఎవరూ ఆగరు. అజ్మత్ అనే పఠాన్ లారీ డ్రైవరు టైరు పేలినా ఆపకుండా, వట్టి చక్రం మీదే రెండు మైళ్ళు ఈడ్చుకొచ్చాడు. ఎందుకురా అంటే ఒకడు జిన్ను భూతం అనేవాడు, ఒకడు మేకలు కాసే ముసలిది అనేవాడు… ఇద్దరి కథ ఎప్పుడూ ఒకటి కాదు.

నాకు నవ్వొచ్చేది. నా పేరు అమోసు. గుడివాడ దగ్గర మాది. డెబ్బై అయిదులో సమాయిల్‌లో ఒక చిన్న దవాఖానాలో కట్లు కట్టే పనిలో ఉండేవాణ్ణి. ప్రార్థన చేసుకుని పడుకుంటే తెల్లారేదాకా దెయ్యాలకి నాతో పనిలేదు, నాకు వాటితో పనిలేదు. వాటి కథలు చెప్పి నా నిద్ర పాడుచేసే మనుషులంటేనే నాకు చిరాకు.

అలాంటి నేను ఈ కథ చెబుతున్నానంటే, నాకిది చెప్పినవాడి అరికాళ్ళకి కట్టు కట్టింది నేనే కనుక.

అతని పేరు లచ్చన్న. కరీంనగర్ వైపు పల్లె. రోడ్డు వేసే కంపెనీలో వెల్డరు. అదే కంపెనీలో గంగన్న డ్రైవరు, దెబ్బ తగిలితే ఇద్దరూ మా దవాఖానాకే వచ్చేవారు. గంగన్న పరాయివాడు కాదు, లచ్చన్న అక్క దేవవ్వని చేసుకున్నవాడు. బొంబాయిలో చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కించిందీ, ఇక్కడ రొట్టె కాల్చుకోవడం నేర్పిందీ గంగన్నే. లచ్చన్న "బావా" అన్నాడంటే అందులో అన్నా, నాయనా అందరూ కలిసే ఉండేవారు.

ఆ కంపెనీలో ఒక ఇంగ్లీషు దొర కొండల్లో కొలతలు తీస్తూ రోజుల తరబడి తిరిగేవాడు. అందుకోసం తన దేశం నుంచి ఒక డేరా ట్రాలీ తెప్పించుకున్నాడు. మూసి ఉంటే అదొక వెడల్పాటి పెట్టె. జీపు వెనక తగిలించి లాక్కుపోవచ్చు. ఆగిన చోట హ్యాండిల్ తిప్పితే కప్పు పైకి లేస్తుంది. ముందుకొక పలక, వెనక్కొక పలక సొరుగుల్లా బయటికొస్తాయి. వాటి మీద పరుపులు, చుట్టూ కాన్వాసు గుడ్డ, రెండు పక్కల మధ్య ఒక తెర. పది నిమిషాల్లో ఇల్లు తయారు.

ఆ ఇల్లు పచ్చగడ్డి మీద తిరగడానికి చేసింది. ఇక్కడి వాగు రాళ్ళలో వారానికే ఇరుసు వంగి కూలబడింది. దొర తల పట్టుకుని కూర్చుంటే లచ్చన్న పని అందుకున్నాడు. మూలన పడేసిన పాత ల్యాండ్ రోవర్ నుంచి ఇరుసూ, కమానులూ, పెద్ద చక్రాలూ కోసి తెచ్చి దాని కింద వేశాడు. చిరిగిన కాన్వాసుకి రెండో పొర కుట్టాడు. నీళ్ళ డబ్బాలకి చట్రం కట్టాడు. రోజూ డ్యూటీ దిగాక నెల రోజులు అదే పని. దొర దాన్ని వాగులో పడేసి లాగి చూసి, లచ్చన్న భుజం తట్టాడట.

ఒక్క లోటు మాత్రం మిగిలింది. పెద్ద చక్రాలు వేసేసరికి ట్రాలీ మూరెడు ఎత్తు పెరిగింది. ఆగినప్పుడు నాలుగు మూలలా దించే పాత కాళ్ళు ఇక నేలకి అందవు. పొడుగు కాళ్ళు అతుకుదామంటే వెల్డింగు గ్యాసు అయిపోయింది. కొత్త సిలిండరు ఈ రోజు, రేపు అంటూ రానేలేదు.

కాళ్ళు లేని ట్రాలీని జీపు నుంచి విప్పితే తక్కెడే. ముందు పక్క మీద ఒకడూ, వెనక పక్క మీద ఒకడూ ఉంటేనే నిలబడుతుంది. ఒకడు చెప్పకుండా దిగాడా, రెండోవాడు పరుపుతో సహా కిందికి వస్తాడు. అందుకని, దొర వాడని రాత్రుళ్ళు అందులో పడుకునే బావా బామ్మర్దులు ఒక పద్ధతి పెట్టుకున్నారు. "దిగుతున్న" అని ఒకడంటే రెండోవాడు కూడా లేచి దిగాలి. ఒంటికి పోవాలన్నా ఇద్దరూ కలిసి పోవాల్సిందే. క్యాంపులో అందరూ దీనికి పడి పడి నవ్వేవారు.

ఇంతలో పని అయిపోయింది. కంపెనీ అందర్నీ ఇంటికి పంపేస్తోంది. దుక్మ్ వైపు ఎడారిలో కొత్త సర్వేకి ఒక్కణ్ణే ఉంచుకుంటారు. దొర తన దేశం పోతూ ఒక కాగితం రాసిచ్చాడు, ట్రాలీతో పాటు రూవిలో ఉన్న కంపెనీ ఆఫీసులో ఇమ్మని. ఈ ట్రాలీని తిరిగి తయారుచేసిన జాన్‌ని వదులుకోవద్దు, సర్వేకి వీణ్ణే తీసుకోండి — అదీ అందులోని సంగతి. మన పేర్లు దొరకి నోరు తిరగవు. ఆయనకి క్యాంపులో ప్రతివాడూ జానే.

ఇంటికి పోతే లచ్చన్నకి మళ్ళీ రాళ్ళ క్వారీయే గతి. పైగా వాడి చేతిపనిని కాగితం మీద పెట్టినవాడు అంతదాకా ఎవడూ లేడు. ఆ కాగితాన్ని వాడు మూడు రోజులు చొక్కాలోనే పెట్టుకుని తిరిగాడు. చెమటకి తడుస్తుందని గంగన్న అడిగి తీసుకుని, జీపు అరలో మిగతా కాగితాలతో కలిపి పెట్టాడు. బావ దగ్గరుంటే తన దగ్గరున్నట్టే అనుకున్నాడు లచ్చన్న.

ఇద్దరూ ట్రాలీ తగిలించుకుని మధ్యాహ్నం దాటాక రూవికి బయల్దేరారు. పొద్దు గుంకే వేళకి సరిగ్గా ఆ వంపులో, ఆ ఇంటికి ఎదురుగా గంగన్న జీపు ఆపేశాడు. ఇంజను వేడెక్కిందన్నాడు.

"బావా… ఈడ వద్దు. జెర ముంగటికి పోదాం."

"మనిద్దరం ఉండంగ ఏమైతది రా?"

బ్యాటరీ వీకుగా ఉందని గంగన్న ట్రాలీని విప్పేసి, జీపుని తీసుకెళ్ళి వాలులో నిలిపాడు. పొద్దున తోయకుండా దొర్లిస్తే స్టార్ట్ అవుతుందని డ్రైవర్లందరూ చేసే పనే. గాలికి కాన్వాసు లేస్తుందని లచ్చన్న చేత రెండు బస్తాల నిండా వాగు రాళ్ళు నింపించాడు. ఒకటి తన పక్క తలవైపు, ఇరుసుకి సరిగ్గా పైన పెట్టించాడు, రెండోది తన పలక కింద.

లచ్చన్నకి దెయ్యాలంటే ఎంత భయమో క్యాంపంతా ఎరుగు. భయం వేస్తే దుప్పటి ముసుగు పెడతాడు, తెల్లారేదాకా తల బయట పెట్టడు. నోరు మాత్రం ఆగదు. ఊళ్ళో సంగతులన్నీ చెబుతూనే ఉంటాడు. అవతలివాడు ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ ఆగిందా, వాడి గుండె ఆగినంత పని అవుతుంది.

తొమ్మిదికి ఇద్దరూ చెరో పక్కా ఎక్కారు. లచ్చన్న ముసుగు పెట్టి మొదలుపెట్టాడు. అవతలి నుంచి — ఊఁ… ఊఁ…

కాసేపటికి ట్రాలీ మెల్లగా కదిలింది. ఏదో ఈడ్చిన చప్పుడు.

"బావా, ఏందది?"

"పరుపు సదురుకుంటున్న. నువ్వు చెప్పు…"

లచ్చన్న చెప్పాడు. ఈసారి ఊఁ రాలేదు.

వాలు వైపు రాళ్ళు దొర్లినట్టు చప్పుడైంది… దూరంగా పోయింది… ఆగిపోయింది. లచ్చన్న దుప్పటి అంచులు కాళ్ళ కింద, తల కింద దోపుకున్నాడు. ఒళ్ళంతా చెమట.

అప్పుడు వినిపించింది — గడియ తీసిన చప్పుడు. చెక్క మీద చెక్క రాసుకుంటూ, నిదానంగా…

వాగు ఇసకలో అడుగులేమీ వినపడలేదట. ట్రాలీ మాత్రం అవతలి వైపుకి రవ్వంత వంగింది. ఎవరో మెత్తగా, నిద్రపోయేవాణ్ణి లేపకూడదన్నట్టు, పలక అంచున కూర్చున్నారు.

"బావా…" అన్నాడు లచ్చన్న దుప్పట్లోంచి. "ఉన్నవా?"

చాలాసేపు ఏమీ లేదు.

"ఊఁ."

వాడికి ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాడు. క్వారీలో చచ్చిన తండ్రి సంగతి, అక్క పెళ్ళిలో వాన కురిసిన సంగతి, ఎవరికీ చెప్పనివి కూడా చెప్పాడు. అంత బాగా ఊఁ కొట్టడం బావకి ముందెన్నడూ చేతకాలేదట. మాట పూర్తయ్యేదాకా ఆగి, సరిగ్గా అక్కడ కొట్టేవాడట. చెబుతూ చెబుతూ లచ్చన్న గుండె కరిగిపోయింది. చేతికి చీకట్లో మెరిసే ముళ్ళ వాచీ ఉంది. దుప్పట్లోనే చూసుకున్నాడు. ఒంటిగంట.

"బావా, ఒక మాట. ఆ కాయితం నువ్వే చూపియ్యి. జాన్ అంటే నువ్వే అని చెప్పు. మొన్న నువ్వు పోయొచ్చినంక అక్క మళ్ళ నీళ్ళోసుకున్నదట గద. నీకు ముగ్గురైతరు. నాకెవరున్నరు? నేను పోత ఇంటికి… ఆ పని నీకే ఇస్తున్న."

అవతల ఊఁ లేదు. గాలి కూడా ఆగినట్టైంది.

తర్వాత, చెవి పక్కనే అన్నట్టు, గుసగుసగా —

"ఇయ్యకు."

లచ్చన్న దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఇంత మంచి బావ ఎవరికి దొరుకుతాడని ఏడ్చాడు. కడుపు నిండి ఏడ్చే ఏడుపు తనకి అదే మొదలని నాతో అన్నాడు. అలాగే నిద్రపట్టింది.

తెల్లారి, ఎండ కాన్వాసు మీద పడ్డాక ముసుగు తీశాడు. మధ్య తెర అవతల దుప్పటి కప్పుకుని బావ ఉన్నాడు.

"దిగుతున్న బావా."

రెండుసార్లు చెప్పి, బావ లేస్తున్నాడనుకుని కాలు కింద పెట్టాడు.

ట్రాలీ ఒక్కసారిగా అటు ఒరిగిపోయింది. అవతలి పక్క నేలకి కొట్టుకుంది. దుప్పటిలోంచి బస్తాలు రెండూ దొర్లి, మూతులు ఊడి, రాళ్ళన్నీ వాగులోకి జారాయి. నిన్న సాయంత్రం తను ఏరి ఏరి నింపిన రాళ్ళే.

వాలులో జీపు లేదు. చక్రాల జాడ ఉంది. జీపులో కాగితం ఉంది, అన్నం గిన్నె ఉంది, లచ్చన్న చెప్పులున్నాయి. ఆ ఇంటి తలుపు ఎప్పటిలాగే వేసి ఉంది.

ఉత్త కాళ్ళతో పన్నెండు మైళ్ళు నడిచి వచ్చాడు మా దవాఖానాకి. అరికాళ్ళ నిండా రాళ్ళు కోసిన గాట్లు. కడుగుతూ ఇదంతా విన్నాను. దెయ్యం సంగతి పక్కన పెట్టండి, ఆ గంగన్న మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఆగడానికి లోయలో అంత చోటుండగా అక్కడే ఎందుకు ఆపాడో చూడండి. బామ్మర్ది భయాన్నే బామ్మర్దికి తాళంగా వేశాడు. తెల్లారేదాకా వాడు ముసుగు తియ్యడని తెలుసు. క్యాంపంతా ఎరిగిన ఆ సంగతిని ఇలా వాడుకోవాలని సొంత మనిషికి కాకపోతే ఎవరికి తోస్తుంది?

రూవి ఆఫీసుకి తర్వాత నేనే ఇంగ్లీషులో ఉత్తరం రాశాను, ట్రాలీ చేసింది ఈ మనిషని. జాన్ ఎప్పుడో దుక్మ్ సర్వేకి వెళ్ళిపోయాడని రెండు ముక్కల జవాబొచ్చింది. నెల తిరక్కుండా లచ్చన్నని విమానం ఎక్కించేశారు.

ఆ పొద్దున మాత్రం లచ్చన్న గంగన్నని ఒక్క మాట అనలేదు. నాకు అదింకా మంట.

"ఒంటిగంట దాక నాతోనే ఉన్నడు సారూ," అన్నాడు. "ఇయ్యకు అన్నడు. నా చెవులతోని ఇన్న. ఆ యాళ్ళకు ఆయన మనసు మంచిగనే ఉన్నది. తెల్లారగట్ల ఏం బుద్ధి పుట్టిందో…"

ఆ ఒక్క మాట పట్టుకునే వాడు పన్నెండు మైళ్ళు నడిచాడని నాకప్పుడు అర్థమైంది. అక్కడితో నేను నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. వాడి చెయ్యి తిప్పి వాచీ చూశాను. మా గోడ గడియారానికీ దానికీ నిమిషం తేడా లేదు.

"లచ్చన్నా, రాత్రి మీ బావ ఇక్కడికొచ్చాడయ్యా. అరచెయ్యి గోనె తాడుకి కోసుకుపోయింది. నేనే పట్టీ వేశాను. నువ్వేడని అడిగితే, పండుకున్నాడన్నాడు. నేను చేతులు కడుక్కునేలోపు జీపెక్కి రూవి రోడ్డు పట్టాడు."

"ఎన్నింటికి?"

జనరేటరు పదకొండింటికి ఆపేస్తారు. గంగన్న వచ్చినప్పుడు దానికి ఇంకా అరగంట ఉంది.

"పదిన్నరకి," అన్నాను.

లచ్చన్న కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టబోయి మానేశాడు. నా చేతిలో వాడి పాదం చల్లబడింది. నేను తడబడి, అది వట్టి కలయ్యా, భయంలో మనసు అలాగే పలుకుతుంది, ఈ దేశపు దెయ్యానికి మన తెలుగెలా వస్తుందని ఏదో చెప్పబోయాను.

"మా బావకు తెలుగొచ్చు గద సారూ," అన్నాడు. "ఆయనకు రాలే ఆ మాట."

తర్వాత, నన్ను కాదు, కట్టుగుడ్డని అడిగినట్టు, చాలా మెల్లగా అడిగాడు.

"మరి రాత్రంత నేను ఎవరికోసం ఏడ్సిన?"