పెద్దమేస్త్రి పెట్టిన స్లో

ఆ మెకానిక్ షెడ్డులో అన్నదమ్ములిద్దరూ పనిచేసేవారు. బండ్లవాళ్లు అన్నని పెద్దమేస్త్రి అనీ, తమ్ముణ్ణి చిన్నమేస్త్రి అనీ పిలిచేవారు. అన్న పోయి ఏడాది దాటింది. షెడ్డు తమ్ముడిదయింది, పానాల పెట్టె తమ్ముడిదయింది, షెడ్డు వెనకున్న ఇల్లంతా తమ్ముడిదే అయింది. పేరు మాత్రం మారలేదు. జుట్టు నెరుస్తున్నా అతను ఇంకా చిన్నమేస్త్రే. పిలిచేవాళ్లకి అందులో తప్పేమీ తోచేది కాదు గాని, పిలిచినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

తగువంతా స్లో దగ్గరే. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాక ఇంజను ఆగిపోకూడదు, అరవకూడదు, తనలో తాను మెల్లగా తిరుగుతూ ఉండాలి. షెడ్డుల్లో దాన్నే స్లో అంటారు. కార్బొరేటరు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. బిగిస్తే వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏముందని చిన్నమేస్త్రి వాదన. ఏముందో తెలియదు గాని, అతను పెట్టిన స్లో ఎప్పుడూ పరుగే. బండి నిలబడిన చోటే గజగజలాడేది.

పెద్దమేస్త్రి పద్ధతి వేరు. బుగ్గన లవంగం పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి తన గుండె మీద వేసుకునేవాడు. కుడిచేత్తో స్క్రూ తిప్పేవాడు. "నా గుండె ఎలా కొట్టుకుంటుందో అలా పెడతాను, అంతేరా తమ్ముడూ" అనేవాడు. ఆయన గుండెకి చిన్నప్పటి నుంచీ ఒక లోపం ఉంది. నిదానంగా కొట్టుకుంటూ కొట్టుకుంటూ, ఉన్నట్టుండి ఒక దెబ్బ మింగేసేది. ఆ మింగుడు ఆయన చెయ్యి పడ్డ ప్రతి బండిలోనూ వినిపించేది. డ్రైవర్లు దానికి కూడా మురిసిపోయేవారు. చివరికి ఆయన పోవడం కూడా స్లో మీదున్న జీపులోనే, స్టీరింగు ముందు కూర్చుని. ఆ గుండె ఒక దెబ్బ మింగింది, ఆ తర్వాత కొట్టుకోలేదు. జీపు మాత్రం తిరుగుతూనే ఉంది.

అది షెడ్డు సొంత జీపు. దారిలో ఆగిపోయిన బళ్లని లాక్కొచ్చేది.

ఇదంతా చిన్నమేస్త్రి భరించేవాడేమో. భరించలేనిది కూతురి సంగతి. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పెళ్లీ పెటాకులూ లేని పెదనాన్న దాన్ని జీపులో ఒళ్లో వేసుకుని, ఇంజను స్లో మీద ఉంచి నిద్రపుచ్చేవాడు. ఆయన పోయాక కూడా జీపు తిరిగితే తప్ప దానికి కునుకు పట్టదు. ఒకసారి చిన్నమేస్త్రి ఆశగా గుండెల మీద పడుకోబెట్టుకుంటే, చెవి ఆనించి వెంటనే లేచిపోయింది.

"నీది గబగబా కొట్టుకుంటుంది నాన్నా. నాకు నిద్ర రాదు."

చచ్చినవాడి మీద అసూయ పడటం మంచిది కాదని అతనికీ తెలుసు. తెలిసినా కడుపుమంట ఆరలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ వాన. పాలవ్యాను డ్రైవరు తడుస్తూ వచ్చాడు.

"చిన్నమేస్త్రీ, నిన్న మీరు పెట్టిన స్లో చూడండి. బండి ఎవరో తరుముతున్నట్టు ఊగిపోతోంది. పెద్దమేస్త్రి ఉంటేనా..."

"ఉంటే వెళ్లి ఆయన్నే అడుగు!" అన్నాడు చిన్నమేస్త్రి. డ్రైవరు తడుస్తూనే వెళ్లిపోయాడు.

చీకటి పడే వేళకి ఇంట్లోంచి భార్య తొంగిచూసింది. "ఏమండీ, పిడుగుకి ఒళ్లు వేడిగా ఉంది, ఒకటే ఏడుపు. కాసేపు జీపు స్టార్టు చెయ్యరాదూ? బావగారి స్లో వింటే ఇట్టే పడుకుంటుంది."

బావగారి స్లో. అరికాలి మంట నెత్తికెక్కింది. సరే, స్టార్టు చేస్తాను, కాని ఇవాళతో అది ఆయన స్లో కాదు, అనుకున్నాడు. అది పోతే పిల్లకి తన గుండె తప్ప ఇంకో దిక్కుండదు.

అంతలో కరెంటు పోయింది. టార్చి వెలిగించి బానెట్ ఎత్తాడు. పెట్రోలు వాసన, తడిసిన టైర్ల వాసన. రేకుల మీద వాన ధార. తాళం తిప్పగానే జీపు ఒక్క ఊపున అందుకుని, నిదానంగా తిరగసాగింది. దడ్... దడ్... దడ్... ఒక మింగుడు. మళ్లీ దడ్.

స్క్రూ బిగించాడు. ఇంజను వేగం అందుకుంది. అమ్మయ్య అనుకునేలోపు, దానంతట అదే తగ్గుతూ తగ్గుతూ పాత చోటికే వచ్చి నిలబడింది. మళ్లీ బిగించాడు. మళ్లీ అంతే. స్ప్రింగు పోయిందేమోనని వేలితో తడిమి చూశాడు. స్ప్రింగు బాగానే ఉంది. ఇప్పుడే అంటుకున్న చల్లటి ఇంజనులో ఆ స్క్రూ ఒక్కటే వెచ్చగా ఉంది... ఒంటి వేడంత వెచ్చగా.

భయపడాల్సిన చోట అతనికి పౌరుషం వచ్చింది. నీ పద్ధతిలోనే నిన్ను కొడతాను చూడు అన్నా, అనుకున్నాడు. టార్చి పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి తన గుండె మీద వేసుకున్నాడు. ఉక్రోషంతో అది దబదబా కొట్టుకుంటోంది. దానికి సరిగ్గా కలిసేదాకా కుడిచేత్తో స్క్రూ తిప్పాడు.

ఈసారి ఇంజను మొరాయించలేదు. సులువుగా, ఇష్టంగా వచ్చి కలిసింది. రెండూ ఒకటే పరుగు. మింగుడు లేదు. స్లో తనదే!

చిన్నమేస్త్రి నవ్వాడు. నవ్వుతుండగా అరచేతి కింద ఏదో తేడా...

గుండె ఆగింది.

ఇంజను మాత్రం అదే పరుగు మీద ఉంది. దబదబ... దబదబ... అతని ఉక్రోషమంతా అందులోనే వినిపిస్తోంది. అరచేతి కింద ఏమీ లేదు. ఊపిరి అందలేదు.

అప్పుడు కొట్టుకుంది. నిదానంగా.

దడ్... దడ్... దడ్...

ఒక మింగుడు.

పెట్రోలు వాసనలోంచి ఘాటుగా లవంగం వాసన వచ్చింది. చెవి పక్కనే, మెల్లగా...

"బాగా కుదిరిందిరా తమ్ముడూ... ఇంక ముట్టుకోకు."

తాళం లాగేసి జేబులో కుక్కుకుని, వానలో పడి ఇంట్లోకి పరుగెత్తాడు. గుమ్మంలోనే భార్య ఎదురొచ్చి, ఏడుస్తున్న పిల్లని అతని చేతుల్లో పెట్టేసింది. పిడుగు ఒళ్లు కాలిపోతోంది. విదిలించుకోబోయి, అతని గుండెకి చెవి తగలగానే ఆగింది. విన్నది. ఏడుపు ఆపేసి ఇంకా దగ్గరగా ఒదిగింది.

ఇన్నేళ్లుగా అతను కోరుకున్నది ఇదే. ఒక్క క్షణం భయమంతా మరిచిపోయాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

"పెదనాన్నా..." అంది పిల్ల నిద్రమత్తులో. "ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లావు?"

నేను పెదనాన్నని కాదమ్మా, నాన్నని అందామనుకున్నాడు. పిల్ల అప్పటికే నిద్రపోయింది.

"హమ్మయ్య" అంది భార్య. తర్వాత షెడ్డు వైపు చెవి పెట్టి, "అదేంటండీ, జీపు ఆపకుండా వచ్చేశారా?"

అతను విన్నాడు. వాన చప్పుడు వెనక నుంచి, ఇప్పుడు ఇంకా వేగంగా... దబదబ, దబదబ, దబదబ. తాళం అతని జేబులో తొడకి గుచ్చుకుంటోంది.

"స్లో ఏమిటి అలా పరుగెత్తుతోంది? అచ్చం మీరు పెట్టినట్టే ఉంది" అంది భార్య, గూట్లోని ఇంకో టార్చి అందుకుంటూ. "మీరు కదలకండి, పిల్ల లేస్తుంది. నేను వెళ్లి వైరు పీకేసి వస్తాను. బావగారు ఎప్పుడో చూపించారు నాకు."

ఆమె వానలోకి దిగింది. టార్చి వెలుగు వాకిలి దాటి షెడ్డు వైపు వెళుతోంది. అక్కడ ఇంజను ఒక్కసారి తడబడి, మళ్లీ అందుకుంది. అది తడబడగానే ఇక్కడ అతని చేతివేళ్లు చల్లబడ్డాయి.

వద్దు, పీకకు, అని అరవబోయాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు.

బుగ్గన ఏదో ఘాటుగా తగిలింది. నాలుకతో తడిమి చూశాడు.

లవంగం. సగం నమిలినది.