సోమవారం తూకం

"ఎవరో చచ్చిపోబోతున్నారండీ. ఎవరో మాత్రం నాకు తెలీదు," అంది ఆ అమ్మాయి, కుర్చీలో కూర్చోకుండానే.

ప్రైవేటు డిటెక్టివ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. యాభై దాటిన ఆవిడను అందరూ మేడమ్ అనే పిలుస్తారు. పక్కన నోటుపుస్తకంతో కూర్చున్నాయన ఆవిడ సహాయకుడు, రిటైరైన టైపిస్టు. మేడమ్ బుర్ర మీద ఆయనకున్న నమ్మకం తన కళ్ల మీద కూడా లేదు.

"ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత చెప్పండి."

ఆ అమ్మాయి పరిశోధకురాలు. ఒక అడవి మొక్క వేరు నుంచి తీసిన సారం రొమ్ము కాన్సరు కణాలను గాజుపళ్లెంలో చంపుతోందని రెండేళ్ల క్రితం గమనించింది. తర్వాత ఎలుకలకు రోజూ, కిలో బరువుకు ఐదో వంతు గ్రాము లెక్కన పట్టించి చూశారు. కణుతులు సగానికి సగం తగ్గాయి. ఆ రోజు ప్రయోగశాలలో ఎవరి కాళ్లూ నేల మీద నిలవలేదు.

"నిన్న ఇంకో రిపోర్టు వచ్చిందండీ. ఇరవయ్యో రోజుకల్లా ఆ ఎలుకల కాలేయాలు పాడైపోయాయట. ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు. సారం దాచేద్దామని అల్మరా తీస్తే సీసా సగం ఖాళీ. మూడు వారాలుగా దాంతో మాకు పనే లేదు!"

రోజూ సాయంత్రం సీసాను తూచి చీటీ మీద రాయడం వాళ్ల పద్ధతి. శనాదివారాలు ప్రయోగశాల మూసేస్తారు. మేడమ్ ఆ చీటీని చాలాసేపు చూసింది.

"మొదటి వారం రోజుకు పన్నెండు గ్రాములు తగ్గింది. రెండో వారం పదకొండు పాయింట్ నాలుగు. ఈ వారం పది పాయింట్ ఎనిమిది. రెండు శుక్రవారాలూ మాత్రం మూడింతలు. మొదలై ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు."

టైపిస్టు పెన్ను ఆగిపోయింది. ఇరవయ్యో రోజుకు ఇక రెండు రోజులే.

అల్మరా తాళంచెవులు ఆ అమ్మాయి దగ్గర కాక ఇంకో ముగ్గురి దగ్గర ఉన్నాయి. ప్రయోగశాలకు వెళ్లగానే మొదట దొరికినవాడు వేర్ల నుంచి సారం తీసే కెమిస్టు.

"తూకం రాయమన్నారు, రాశాను. తీసివేతలు చెయ్యమని ఎవరన్నారు? ఆవిరైపోతోందనుకున్నా."

"మూత పెట్టిన సీసాలోంచా?"

"మా ఇంట్లో పంచదార డబ్బా కూడా మూత పెట్టే ఉంటుందండీ. అయినా ఆవిరైపోతుంది."

ప్రయోగశాల అధిపతి పెద్దసారు చెమట తుడుచుకున్నాడు. "ఎవడో పసరుమందని బయట అమ్ముకుంటున్నాడు. పేపర్లో పడితే నా పరువేం కాను?"

"మీ బరువెంత?"

"తొంభై నాలుగు. దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా?"

"మీకైతే లేదు లెండి."

మూడో మనిషి ఎలుకల గదిలో ఉంది. పన్నెండేళ్లుగా వాటిని సాకుతున్నందుకు అందరికీ ఎలుకలమ్మ అయింది. అక్కడి పసుపు దీపం కింద ఆవిడ కళ్లు కూడా పసుపుగానే కనబడ్డాయి టైపిస్టుకు.

"నాకేం తెలుసమ్మా. ప్రతి సోమవారం వీటిని తూస్తాను. బరువును బట్టి ఆ వారం ఏ మందున్నా లెక్కగట్టి పట్టిస్తాను. అంతవరకే నా పని." మోచేతి దాకా జారిన చేతిగడియారాన్ని ఆవిడ మళ్లీ మణికట్టుకు లాక్కుంది.

సాయంత్రం అయిదింటికి మేడమ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టింది.

"అమ్ముకునేవాడైతే సీసా ఎత్తుకుపోతాడు, రోజూ కొలుచుకుంటూ కూర్చోడు. ఇది ఒక్క మనిషి తాగే మోతాదు. శుక్రవారం మూడింతలంటే సెలవు రోజులక్కూడా అన్నమాట. ఎలుకల లెక్కలో పన్నెండు గ్రాములంటే అరవై కిలోల మనిషి. రెండో వారానికి యాభై ఏడు. ఈ వారం యాభై నాలుగు. ఆ మనిషి చిక్కిపోతోంది. ప్రతి సోమవారం తనను తాను తూచుకుని లెక్క సరిచేసుకుంటోంది." మేడమ్ గొంతు తగ్గింది. "ఇక్కడ ఆ అలవాటు ఒక్కరికే ఉంది."

అందరి చూపులూ ఒకవైపే తిరిగాయి.

"అక్కా!" పరిశోధకురాలు లేచి నిలబడింది. "ఎలుక లెక్క మనిషికి పనికిరాదక్కా! దాని ఒంట్లో మందు గబగబా అరిగిపోతుంది. మనిషికి పన్నెండో వంతు కూడా ఎక్కువేనేమో. ఎలుకలకే కాలేయం పోయింది!"

"కరిగాయి కదమ్మా గడ్డలు." ఎలుకలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "నేనే కదా కొలిచింది."

"మొక్కల నుంచి వచ్చిన కాన్సరు మందులు ఆసుపత్రిలో ఉన్నాయక్కా. ఒక్కొక్కదానికీ మోతాదు తేల్చడానికి ఏళ్లు పట్టింది. మనది ఇంకా మందే కాదు."

"డాక్టరుకు చూపించుకున్నారా?" అడిగింది మేడమ్.

"చూపించుకున్నాను. ఆపరేషనన్నారు. మా అక్క కూడా ఆపరేషనుకే వెళ్లిందమ్మా. 'తలుపు గడియ పెట్టకండి, ఇదిగో వచ్చేస్తా' అని వెళ్లింది. మళ్లీ రాలేదు."

కెమిస్టు కారు తియ్యడానికి పరిగెత్తాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"చెల్లెలు. దానికి చెప్పలేదు. రెండోసారి ఎలా చెప్పను?"

మేడమ్ ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టింది. నంబరు నొక్కడానికి ఆవిడకు మూడుసార్లు పట్టింది.

"ఒసేయ్... నాకూ గడ్డ లేచిందే. పిచ్చిపని చేశాను. ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు."

అవతలి గొంతు అందరికీ వినబడింది.

"ఏ ఆసుపత్రి? ఇదిగో, బయల్దేరాను. ఆపరేషను గదిలోకి ఒక్కదానివీ వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతాను!"

ఎలుకలమ్మ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకుంది. "వెళ్లనే," అంది. "ఒక్కదాన్నీ వెళ్లనే."