గడ్డికట్ట వేలాడిన గుహ

"మైనం!"

అడవి జాడలు పట్టడం తెలిసిన లుద్మిల మోకాళ్ల మీద కూర్చుని, రాతి మీద గడ్డకట్టిన పసుప్పచ్చని చుక్కను గోటితో గీరింది. మొరావియా పల్లెల్లో ఏ ఇంట్లో వెలిగేదైనా కొవ్వు దీపమే. తేనెమైనపు వత్తులు మఠంలోని సన్యాసులకు తప్ప ఎవరికుంటాయి? వాళ్లు బంగారంతో పారిపోయిన దారి ఇదేనని తెలిసేసరికి ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

వెనక గొలుసుతో కట్టేసి ఉన్న ఆమె భర్త హావెల్ ప్రాణం కూడా ఆ చుక్క మీదే ఆధారపడి ఉంది. ప్రార్థనలో పాత్రలోని ద్రాక్షారసం గురువులకేనా, మామూలు జనానికి కూడానా అన్న తగువు యుద్ధమై దేశమంతా అంటుకుంది. జనం కూడా తాగాలన్నవాళ్లు మతద్రోహులని రాజు తేల్చేశాడు. హావెల్ ఒక్క గుక్క తాగాడు, అంతే నేరం.

"పొద్దుగూకేలోగా మఠం బంగారం చూపించు. లేకపోతే నీ మొగుణ్ణి మంటల్లో కాల్చేస్తాను. నడు!" అని అరిచాడు దళపతి లోరాంద్. ఎక్కడో దక్షిణాన ఉన్న పరాయి దేశం నుంచి రాజుతో వచ్చినవాడు. ఇక్కడి అడవీ తెలియదు, ఇక్కడి జనమూ తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచన అసలే లేదు.

మైనపు చుక్కలు లోయ దాటి, వాగు దాటి, కొండ చీలికలోకి దారి తీశాయి. లుద్మిల ముందు, గొలుసు పట్టుకున్న కావలివాడు మతోష్, హావెల్ ఆమె వెనక, దళపతీ అతని దేశపు సైనికులూ చివర. మోకాలిలోతు చల్లని నీళ్లలో వంగి వంగి నడిచారు. కాగడాలు పొగలు కక్కాయి. మలుపు తిరగ్గానే ఎదుట బంగారం ధగధగా మెరిసింది.

లుద్మిల చటుక్కున ఆగిపోయింది. గుహలోపలి గదిలాంటి చోటి ముఖద్వారంలో ఒక కర్రకు గడ్డికట్ట వేలాడుతోంది. మహమ్మారి దూరిన ఇంటి గుమ్మానికి ఈ ప్రాంతంలో కట్టేది అదే. లోపల పెట్టెల పక్కన సన్యాసులు పడి ఉన్నారు. చివరివాడెవరో చావబోతూ కూడా, రాబోయేవాళ్ల కోసం దాన్ని కట్టి పోయాడు.

లోరాంద్ అంటే ఆమెకు ఒళ్లు మంట. అయినా నోరు ఊరుకోలేదు. "వెళ్లకండి! లోపల మహమ్మారి ఉంది!"

"గడ్డి చూపించి బంగారం దాచుకుందామనా?" దళపతి పగలబడి నవ్వి, గడ్డికట్టను కాలితో తన్ని లోపలికి దూకాడు. సైనికులు ఎగబడ్డారు. ఒకడు శవం మీది జరీ అంగీ లాగి భుజాన వేసుకున్నాడు.

ఈ నేల మీదే పుట్టిన మతోష్‌కు మాత్రం ఆ గడ్డికట్ట అర్థం తెలుసు. నడుముకున్న తాళంచెవి తీసి గొలుసు విప్పేశాడు. "పరిగెత్తండక్కా! వీళ్లకు చెప్పినా తలకెక్కదు!"

అప్పుడే ఒలికిన పెట్టెలోంచి బంగారు పాత్ర దొర్లుకుంటూ వచ్చి హావెల్ కాళ్ల దగ్గర ఆగింది. అతను చేయి ముందుకు చాచాడు. "ఈ పాత్ర కోసమే కదే మనవాళ్లంతా చచ్చింది!"

లుద్మిల ఆ చేతిని ఒడిసిపట్టి లాగింది. "పాత్ర కోసం కాదయ్యా, అందులో గుక్క కోసం! రా!"

ముగ్గురూ వెలుగులోకి వచ్చి పడ్డారు. ఎవరూ తరమలేదు. లోపల బంగారం పంచుకునే కొట్లాట వినిపిస్తోంది. లుద్మిల ఆయాసం తీరకముందే చలికి చెప్పుల్లో కుక్కుకున్న గడ్డి లాగి, కట్టగా బిగించి, గుహ ముందున్న కొమ్మకు వేలాడదీసింది. చచ్చిపోయిన ఆ సన్యాసి పని ఆమె పూర్తిచేసినట్టయింది.

మంచు కురవకముందే, లోరాంద్ మనుషులు ఆ బంగారంతో తిరిగెళ్లిన రాజు శిబిరంలో గుడారం తరవాత గుడారానికి గడ్డికట్టలు వేలాడాయి. దాని అర్థం ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది. బతికున్న సైన్యంతో రాజు వెనుదిరిగాడు. కబురు విన్న లుద్మిలకు సంతోషం వేయలేదు, నవ్వుతూ లోపలికి దూకిన ఆ ముఖమే గుర్తొచ్చింది.

ఆ ఆదివారం పల్లెలో ప్రార్థన జరిగింది. హావెల్ చెక్కిన కొయ్యగిన్నె చేతులు మారుతూ వచ్చింది. అతను ఒక గుక్క తాగి, అంచు తుడిచి, లుద్మిల చేతికి అందించాడు.