బొట్టు పెట్టి నింపిన గ్యాలరీ

ఆట ఉన్న రోజున భారతి పెందలాడే వంట ముగించి, క్యారేజీ పట్టుకుని స్టేడియానికి వచ్చేసేది. మొగుడు ధనరాజు నాగావళి ఫుట్‌బాల్ టీముకి టిక్కెట్ల పని చూసేవాడు. తమ్ముడు త్రినాథ్ అదే టీములో గోల్‌కీపరు. ఇద్దరికీ అన్నం పెట్టి, గ్యాలరీలో కింది మెట్టు మీద కూర్చునేది. ఆటలో ఏది తప్పో ఏది ఒప్పో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. బంతి తమ్ముడి వైపు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేది, అంతే.

టీము పెట్టిన కొత్తలో ఆ మెట్ల మీద ఆమెకి చోటు దొరికేది కాదు. సాలూరు నుంచి లారీల మీద జనం దిగేవారు. కొత్తవలస కుర్రాళ్ళు రైలు తలుపులకి వేలాడుతూ వచ్చేవారు. ఒక ఊరివాళ్ళయితే తప్పెటగుళ్ళ జట్టునే తెచ్చేశారు. గోలు పడినా పడకపోయినా వాళ్ళ గంతులు ఆగేవి కావు. తరవాత టీము వరసగా ఓడిపోవడం మొదలెట్టింది. ఇక్కడి కుర్రాళ్ళని ఒక్కొక్కరినీ తీసేసి ఎక్కడెక్కడి వాళ్ళనో తెచ్చారు. టిక్కెట్టు రేటు పెంచారు. ఆట ఫోన్లోనే కనపడసాగింది. జనం పలచబడ్డారు. చివరికి ఆట రోజున కూడా వాచ్‌మన్ పెళ్ళాం మెట్ల మీద వడియాలు పెట్టుకుంటుంటే అడిగేవాడు లేకపోయాడు.

ఆ ఏడాదికి ఇక్కడ ఆడే ఆఖరి ఆట దగ్గరపడింది. టీముని నడిపే కంపెనీ మేనేజరు ధనరాజుని పిలిచి తెగేసి చెప్పాడు. ఆ రోజు గ్యాలరీ నిండితే టీము ఇక్కడే ఉంటుంది. నిండకపోతే వేరే రాష్ట్రానికి తీసుకుపోతారు. అక్కడ గోల్‌కీపర్లు వాళ్ళకే ఉన్నారు. త్రినాథ్ ఇంటికి పోవడమే.

అమ్మా నాన్నా పోయేనాటికి త్రినాథ్‌కి పాలపళ్ళు ఊడలేదు. అప్పా అప్పా అని అక్క వెంట తిరిగేవాణ్ణి భారతే పెంచింది. వాడికి బంతి తప్ప మరో ధ్యాస లేదు. అది కూడా లాగేసుకుంటే వాడేమైపోతాడోనని ఆమెకి ముద్ద దిగలేదు.

"బొట్టు పెట్టి పిలుద్దాం," అంది మొగుడితో.

"ఆటకి బొట్టేటే? నీ తమ్ముడికి పెళ్ళేటి?"

"పెళ్ళికి మాత్రం పిలవకుండా వస్తారేటి? నువ్వు ఫోన్లో మెసేజీలెట్టి కూకో. ఎవుడొస్తాడో సూద్దాం."

ధనరాజు నవ్వాడు కానీ మర్నాడే బండి తీశాడు.

బొట్టు పెట్టి పిలవడమంటే చిన్న మాట కాదు. ఆ పిలుపు అందుకున్న ఇల్లు రాకపోతే తప్పు. వచ్చినవాళ్ళకి అన్న మాట జరపకపోతే పిలిచినవాళ్ళది తప్పు. ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకి బొట్టు పెట్టి వచ్చినా పిలిచినట్టే. ఇదంతా భారతికి తెలుసు. తెలిసే బయల్దేరింది.

ఊరూరా ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "బంతాటకి బొట్టేటమ్మా? ఆడేది మీ ఆయనా?"

"ఆయనా? మెట్లెక్కితేనే ఆయాసం. మా తమ్ముడు."

టిక్కెట్లు తీసుకున్నారు. చూద్దామన్నారు. వస్తామన్న గొంతు మాత్రం ఎక్కడా గట్టిగా వినపడలేదు.

ముఖలింగం వైపు ఊళ్ళు తిరిగి, రిజర్వాయరు గట్టు మీదుగా వస్తుంటే పొద్దు వాలిపోయింది. వేసవికి నీళ్ళు బాగా లోపలికి పోయాయి. గట్టు దిగువన చిన్న ఊరొకటి కనపడింది. రెండు వరసల ఇళ్ళు, మధ్యన వీధి. దారంతా బురద, బండి దిగనంది.

"నేనిక్కడుంటాను, నువ్వు వేగిరం వొచ్చీ," అన్నాడు ధనరాజు.

భారతి చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. వీధిలో దీపం లేదు. పొయ్యి పొగ లేదు. కుక్క మొరగలేదు. నానిన గడ్డి వాసన, అడుగున ఎప్పటినుంచో కుళ్ళిన మట్టి వాసన. తలుపులన్నీ మూసి ఉన్నాయి. పొలాల నుంచి ఇంకా రాలేదు కాబోలనుకుంది. ఒక్కో తలుపుకీ బొట్టు పెట్టి, గొళ్ళెంలో టిక్కెట్లు దూర్చుకుంటూ పోయింది. చెక్క తడిగా ఉంది. కుంకం జారిపోతోంది.

చివరి ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. భారతి వంగి బొట్టు పెట్టింది. నుదురు చల్లగా తగిలింది.

"మమ్మల్ని పిలవడానికొచ్చావా?" ముసలమ్మ లోగొంతుకతో అడిగింది. "ఊరంతా లేసిపోయిన నాడు కూడా... మమ్మల్నెవులూ పిలవలేదమ్మా."

ఆ మాటకి అర్థమేమిటో అడగాల్సింది. చీకటి పడుతోంది, భారతి తొందరలో ఉంది. "నేను పిలుస్తన్నాను కదమ్మా. ఇంటిల్లిపాదీ రండి. గోలు దగ్గర నిలబడతాడు మా త్రినాథు. మీ కుర్రోడే అనుకోండి."

"మా కుర్రోడేనా?"

"మీ కుర్రోడే."

ముసలమ్మ నుదుటి బొట్టుని వేలితో తడుముకుంది. "అయితే వొస్తాం," అంది.

ఆ తిరుగుడంతటిలో వస్తామన్నది ఆవిడ ఒక్కతే. భారతి సంబరంగా గట్టెక్కింది.

ఆట రోజు సాయంత్రం ఫ్లడ్‌లైట్లు వెలిగేసరికి గ్యాలరీలో కొందరే ఉన్నారు. పిలిచిన ఊళ్ళవాళ్ళు రాలేదు. ధనరాజు గేటు దగ్గర తల పట్టుకుని కూర్చున్నాడు. జనాన్ని ఎక్కించుకు రమ్మని సాలూరు లారీ డ్రైవరు ఎర్రన్నని పంపితే, అతని జాడా లేదు. ఈల వేశారు, ఆట మొదలైంది.

కాసేపటికి లైట్లు ఒక్కసారి మసకబారి మళ్ళీ వెలిగాయి. భారతి వెనక మెట్ల మీద బట్టల అలికిడి వినపడింది. తిరిగి చూసింది.

పై మెట్టు దాకా జనం.

ఆమె గుండె ఉబ్బిపోయింది. ముసలీ ముతకా, పంచెలు, మోకాళ్ళ పైకి కట్టిన చీరలు. ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఎదురుగా అద్దాల గదిలో మేనేజరు లేచి నిలబడి చూస్తున్నాడు. అయిపోయింది, తమ్ముడు గట్టెక్కేశాడు అనుకుంది భారతి.

మరమరాలమ్మే ఎల్లాజీ గంప దించకుండానే కిందికి వచ్చేశాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఏటి ఎల్లాజీ, అప్పుడే అమ్మీసావేటి?"

"ఒక్కులూ పలకట్లేదప్పా. ఒక్కులూ నా యేపు సూడట్లేదు." గంప నెత్తిన అలాగే గేటు దాటి వెళ్ళిపోయాడు.

అప్పుడు గమనించింది భారతి. కేక లేదు. దగ్గు లేదు. ఒక్క ఫోను వెలుగు లేదు. మన టీము గోలు కొట్టింది. గ్యాలరీ కదల్లేదు. అవతలివాళ్ళు బంతి తెచ్చి త్రినాథ్ మీదికి తన్నారు. వాడు ఎగిరి పట్టుకున్నాడు. అప్పుడు లేచింది గ్యాలరీ. అందరూ కలిసి ఒక్కసారే. చప్పట్లు... చప్పట్లలా లేవు. తడి బట్టని బండ మీద బాదినట్టున్నాయి.

మెట్ల మీంచి నీటి వాసన దిగుతోంది. నానిన గడ్డి. కుళ్ళిన మట్టి.

గేటు వైపు నుంచి ధనరాజు వచ్చాడు. పక్కనే ఎర్రన్న. ఎర్రన్న మెట్ల వైపు తల ఎత్తలేదు.

"సెల్లీ," అన్నాడు గుసగుసగా. "గట్టు కిందూరని సెప్పి పంపినాడు మీ ఆయన. అక్కడ ఊరేదమ్మా? అది పాత జిల్లేడువలస. మునిగిపోయినాది. రాత్రికి రాత్రి నీళ్ళొస్తే అందరూ లేసిపోయినారు. నీరు తీసినప్పుడు మొండి గోడలు అగుపిస్తాయి. అంతే."

"తలుపులు..." భారతి తన వేళ్ళు చూసుకుంది. "తలుపులకి బొట్లెట్టినాను అన్నా."

"తలుపులేటి? నీరు తీసిన మొదటేడే ఊడపీకి పట్టుకుపోనారు."

ఇల్లు వదిలిపోయేటప్పుడు ఆ ఇంట్లో చనిపోయిన పెద్దల్ని, పిల్లల్ని, మాతో రండని పిలిచి మరీ గడప దాటుతారు. అది ఆనవాయితీ. నీళ్ళు తరుముతుంటే ఎవరికి గుర్తుంటుంది? భారతికి ముసలమ్మ మాట అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళకి తానొక్కతే పిలిచింది.

ఆఖరి ఈల మోగింది. టీము గెలిచింది. మెట్ల మీంచి వాళ్ళు దిగడం మొదలెట్టారు.

తోపులాట లేదు. అడుగుల చప్పుడు లేదు. వరసగా గీత దాటి మైదానంలోకి నడిచారు. లైట్లు మళ్ళీ మసకబారాయి. మిగతా ఆటగాళ్ళు ఎప్పుడు లోపలికి పరిగెత్తారో... గోలు దగ్గర త్రినాథ్ ఒక్కడే ఉన్నాడు. వాళ్ళు వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. వాడు నవ్వుతున్నాడు. గెలిచినవాడు నవ్వినట్టే నవ్వుతున్నాడు. గుంపు గేటు వైపు కదిలింది. గేటవతల రోడ్డు. రోడ్డు చివర రిజర్వాయరు.

"ఒరే త్రినాథూ..."

వాడు వినిపించుకోలేదు. భారతి పరిగెత్తింది. ఎదురుగా ముసలమ్మ నిలబడింది. నుదుట కుంకం తడిసి ముక్కు మీదికి కారి ఉంది.

"మా తమ్ముణ్ణి దింపీయండమ్మా."

"మా కుర్రోడే అన్నావు."

"ఆటకి పిలిచినాను. ఆట వరకే..."

"ఆట వరకే అని అన్లేదమ్మా నువ్వు." గొంతులో కోపం లేదు. పెళ్ళికొచ్చిన పెద్దావిడ తనకి పెట్టాల్సింది అడిగినట్టుంది. "ఇంటికి తీసుకుపోతాం."

గుంపు గేటు దగ్గరికి వచ్చేసింది. ఇంకొన్ని అడుగులు... భారతి కింద కూలబడి ఆ కాళ్ళు పట్టుకుంది. చేతులు మట్టిలోకి దిగినట్టు దిగాయి.

"తీసుకుపోకండి. ఇక్కడే ఉంచండి." ఏమంటోందో ఆమెకే తెలీలేదు. "మీరే ఇక్కడికి రండి. ఎప్పుడూ రండి. వాడు ఇక్కడే ఉంటాడు... ఎక్కడికీ పోడు."

గుంపు ఆగింది.

"నువ్వే పిలుస్తన్నావా?"

"నేనే పిలుస్తన్నాను."

లైట్లు వెలిగాయి. మైదానం మధ్యన త్రినాథ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. మెట్ల కింద ధనరాజు, ఎర్రన్న ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గోడకి అతుక్కుపోయి ఉన్నారు. గ్యాలరీ మెట్లు పై నుంచి కింది దాకా వాన పడినట్టు తడిసి ఉన్నాయి.

టీము ఉండిపోయింది. మేనేజరు ధనరాజు భుజం తట్టి, మీ జిల్లావాళ్ళు కాస్త మొహమాటస్తులు, అరవరు గానీ వస్తారు, అన్నాడు. త్రినాథ్‌కి ఒప్పందం కుదిరింది. వాడు బాగానే తిన్నాడు, బాగానే నిద్రపోయాడు. ఆ రాత్రి ఏం జరిగిందని అడిగితే, గెలిచాం కదప్పా అన్నాడు.

వానాకాలం ముందు పెద్ద టీమొకటి వాణ్ణి పిలిచింది. కేరళ రమ్మంది. భారతి ఎగిరి గంతేసినంత పని చేసి, చిరుతిళ్ళు కట్టుకుని స్టేడియానికి వచ్చింది. పట్టపగలు, ఎండ మండిపోతోంది. గ్యాలరీ ఖాళీగా ఉంది. ఆమె కింది మెట్టు మీద కూర్చుంది. ప్రాక్టీసు ఆపి త్రినాథ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నాను వెళ్ళనప్పా."

"ఏటిరా? దీనికోసమే కదా ఇన్నాళ్ళూ..."

"మావోళ్ళు పంపరు."

"మావోళ్ళంటే ఎవుల్రా? నీకున్నది నేనే కదా."

త్రినాథ్ గ్లౌజులు విప్పాడు. ఆమెనే చూస్తున్నాడనుకుంది. కాదు, ఆమె పక్కన, కొంచెం కిందికి చూస్తున్నాడు. బుజ్జగిస్తున్నట్టు నవ్వాడు.

"అప్పా, కొంచెం జరుగు," అన్నాడు. "పిల్ల కూకుంటాదంట."

మెట్టు మీద ఎవరూ లేరు.

భారతి జరిగింది.