నీలితెర మీద ఎర్రమరక

గుడ్డలకు పూలరంగులు వేసే రంగులమ్మ డిటెక్టివ్ గదిలోకి పరుగున వచ్చింది. మోచేతుల దాకా నీలమెక్కిన చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"నాటకశాల తెర బాబూ. శంఖుపూల రంగు వేశాను. ఇప్పుడు నిండా మరకలు. ఇక నన్ను గుడ్డ ముట్టనివ్వడట మేనేజరు. పని మా మరిదికిస్తాడట."

డిటెక్టివ్ చెప్పులేసుకున్నాడు. అతని సహాయకుడైన మేనల్లుడు సంచీ అందుకున్నాడు. మావయ్య చెప్పులేసుకున్నాడంటే దొంగకు మూడినట్టేనని అతని నమ్మకం.

నాటకశాలలో తెర పరిచి ఉంది. నీలం మీద ఎర్రటి ఊదా మరకలు. డిటెక్టివ్ వంగి ఒక మరకను వాసన చూశాడు.

"ఇది చివరిసారి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే," అన్నాడు అక్కడే ఉన్న మరిది. అతను మిల్లు రంగుల వ్యాపారి. "దుమ్ము పట్టిందంటే సబ్బునీళ్ళలో ఉతికానంతే, ఎర్రబడి కూర్చుంది. పూలరంగు కదండీ, పిల్లల ఆట!"

"ఉతికింది మీరేనా?"

"ఇదిగో, ఈ చేతులతోనే."

చాచాడు. రెండు చేతులకూ ఇత్తడి ఉంగరాలు. ఎడమచేతిది నల్లబడి ఉంది, కుడిచేతిది కొత్తదానిలా మెరుస్తోంది. మేనల్లుడి నాలుక దురద పెట్టింది గాని, మావయ్య కనుసైగ చేసేసరికి నోరు మూసుకున్నాడు.

డిటెక్టివ్ అందర్నీ వేదిక మీదికి పిలిచి, రంగులమ్మ దగ్గరున్న, అదే రంగు వేసిన గుడ్డముక్కను మరిది చేతికిచ్చాడు.

"సబ్బునీళ్ళివిగో. మళ్ళీ ఉతకండి."

మరిది ముంచాడు. నీలం మెల్లగా పచ్చబడింది.

"ఎర్రబడలేదేం?"

మరిది ముక్కను మళ్ళీ మళ్ళీ ముంచాడు; పచ్చదనమే ముదిరింది.

"సబ్బునీళ్ళు క్షారం. క్షారం తగిలితే ఈ నీలం పచ్చబడుతుంది. ఆమ్లం తగిలితేనే ఎర్రబడుతుంది," అంటూ డిటెక్టివ్ ఇంకో ముక్క మీద నిమ్మకాయ పిండాడు. అదే ఎర్రటి ఊదా మరక. "మిల్లు రంగులు తప్ప మీరెరగరు. అందుకే అబద్ధం ఎలా ఆడాలో కూడా తెలియలేదు. తెర ఇంకా పులుపు వాసన కొడుతోంది. కుడిచేత్తో పిండారు గనక ఆ చేతి ఉంగరానికి చిలుము వదిలింది."

మరిది గుప్పిట మూశాడు. మేనల్లుడు మాత్రం ఆ నిమ్మకాయ తనే పిండినంత గర్వంగా నిలబడ్డాడు.

రంగులమ్మ పల్చటి వంటసోడా నీళ్ళు తెప్పించి, ఒక మరక మీద కొద్దికొద్దిగా అద్దింది. పులుపు విరిగి, నీలం తిరిగొచ్చింది.

"నా రంగు చెడలేదు మేనేజరు గారూ. తన మీద ఏం పోశారో చెప్పిందంతే."

మేనేజరు చేతులు జోడించాడు. "తెర పని మీదేనమ్మా."

"వదినా, ఏదో బుద్ధి గడ్డి తిని..." అని మరిది నసిగాడు.

ఆమె అతని మొహం చూడలేదు. తెర అంచు వైపు వేలు చూపించింది.

"ఆ అంచు పట్టుకో. నేల తగిలిందా, ఊరుకోను."